రొంటిలో నోటు, జేబులో కార్డు: పరాయి దేశంలో బండెక్కితే డబ్బులు ఎట్టా కట్టాలి?

మా నాన్న లారీ డ్రైవరు. ఆటోనగర్ నుంచి బండి బయటికి తీసి బెంజ్ సర్కిల్ దాటాడంటే మళ్లీ ఇంటి మొహం చూసేది పది పదిహేను రోజులకే. బడి సెలవుల్లో నేను కూడా క్లీనరు పక్కన కూర్చుని రెండు మూడు ట్రిప్పులు పోయాను. డబ్బు దాచడంలో ఆయన పద్ధతి అప్పుడే చూశాను. ఓనరు ఇచ్చిన ట్రిప్పు ఖర్చుల డబ్బుని మూడు వాటాలు చేసేవాడు. ఒక వాటా రొంటిన దోపేవాడు. అది టీకి, భోజనానికి, దారిలో చెయ్యి చాపినోళ్లకి. రెండో వాటా గుడ్డలో చుట్టి సీటు కింద పనిముట్ల డబ్బాలో పెట్టేవాడు. అది డీజిలుకి, టైరు పేలితే దానికి. మూడోది దేవుడి పటం వెనక. దాన్ని ఇంటికి తిరిగొచ్చేదాకా ముట్టేవాడు కాదు. "ఒకేచోట పెట్టినోడు ఒకేసారి పోగొట్టుకుంటాడు రా" అనేవాడు.

ఈ ముచ్చట ఇప్పుడెందుకంటే, మొన్నొక చలికాలం అమెరికా నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. మాకు దగ్గరోడే, కంకిపాడు అవతల ఊరు. నన్ను బాబాయ్ అంటాడు. అక్కడ చదువుకుని ఉద్యోగంలో కుదురుకున్నాడు. పొలం తప్ప ఇంకోటి తెలియని అమ్మానాన్నల్ని మొదటిసారి పిలిపించుకున్నాడు. వాళ్లకి దేశం చూపిద్దామని ఒక ఆర్‌వీ అద్దెకు తీసుకున్నాడు.

ఆర్‌వీ అంటే ఏం లేదు. లారీ చాసిస్ మీద ఇల్లు కట్టినట్టు ఉంటది. మంచం, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ లోపలే. మన కాడ వంటోడిని, బియ్యం బస్తాలని, గ్యాస్ బండల్ని ఎక్కించుకుని కాశీకి, నేపాల్‌కి పోయే యాత్ర బస్సులు చూశారుగా? దానికి చుట్టం అనుకోండి.

నెవాడా ఎడారిలో ఒక బంకు కాడ ఆ బండి ఆగిపోయింది. రిపేరొచ్చి కాదు, పెట్రోలు పోయించుకోడానికి డబ్బు కట్టే దారి లేక. డబ్బు లేకనా అంటే, ఉంది. ముగ్గురి కాడ కలిపి నాలుగు కార్డులున్నాయి. ఒక్కటీ పని చెయ్యలేదు. చివరికి వాళ్లమ్మ చీర కొంగున ముడేసుకున్న డాలర్ నోట్లు విప్పితే పెట్రోలు పడింది. కథ అక్కడితో అయిపోలేదు. మర్నాడు డెత్ వ్యాలీ అనే నేషనల్ పార్కు కాడికి పోతే అక్కడ నోటు చెల్లదన్నారు, కార్డే గీకాలన్నారు. ముందురోజు కాపాడిన నోటు తర్వాతి రోజు కాగితమైపోయింది.

నోటు మంచిదా, కార్డు మంచిదా అని మనోళ్లు వాదించుకుంటా ఉంటారు. ఆ వాదన తప్పు. ఏది ఎక్కడ ఆగిపోద్ది, ఆగకుండా పనిచేసిన చోట మన కాడ ఎంత కోసుకుంటది, ఈ రెండూ తెలుసుకోవాలి. మనకెందుకులే ఆర్‌వీలు అనుకోమాకండి. బెంజ్ సర్కిల్‌లో నిలబడి తల పైకెత్తి చూడండి. ఫారిన్ చదువుల బోర్డులే కనపడతాయి. మీలో కొందరు చదువుకి పోతారు, కొందరు గల్ఫ్‌కి పనికి పోతారు, కొందరు అమ్మానాన్నల్ని విమానం ఎక్కిస్తారు. బండి ఏదైనా దారి ఖర్చు లెక్క ఒకటే. చక్రాల ఇల్లు కాబట్టి ఆర్‌వీలో అన్ని చిక్కులూ ఒకేచోట కనపడతాయి, అంతే తేడా.

నాలుగు కార్డులు ఎందుకు ఆగిపోయాయి?

మొదటిది తండ్రి బ్యాంకు డెబిట్ కార్డు. అమెరికాలో బంకులో మనిషి ఉండడు. పంపు కాడే కార్డు పెట్టి మనమే పోసుకోవాలి. పంపు కార్డుని చూసి 5 అంకెల జిప్ కోడ్ అడుగుద్ది. అంటే వాళ్ల పిన్‌కోడ్. మన పిన్‌కోడ్ 6 అంకెలు. కంకిపాడు పిన్‌కోడ్ అక్కడ ఎట్టా ఎక్కుద్ది? ఎక్కదు. దీనికి మందు తేలికే. పంపుని వదిలేసి లోపల కౌంటరు కాడికి పోయి "నాలుగో నంబరు పంపుకి 60 డాలర్లు" అని చెప్పి ముందే కట్టాలి. అక్కడ జిప్ కోడ్ గొడవ ఉండదు.

లోపలికి పోయారు. కార్డు అక్కడా ఆగింది. ఎందుకంటే అది విదేశాల్లో పనిచేసేటట్టు ఆన్ చేసి లేదు. మోసాలు తగ్గించాలని రిజర్వు బ్యాంకు 2020లో ఒక నిబంధన తెచ్చింది. కొత్తగా ఇచ్చే కార్డు మన దేశంలో ఏటీఎంలో, స్వైప్ మిషన్‌లో మాత్రమే పనిచేస్తది. విదేశీ వాడకం కావాలంటే ఖాతాదారుడే ఆన్ చేసుకోవాలి. బ్యాంకు యాప్‌లో రెండు నిమిషాల పని. అది చెయ్యకుండా విమానం ఎక్కితే, అవతల ఆన్ చేద్దామన్నా ఓటీపీ మన ఇండియా సిమ్‌కే వస్తది. ఆ సిమ్ము రోమింగ్ లేక నిద్రపోతా ఉంటది. తల్లి కార్డుదీ అదే కథ.

మూడోది కొడుకు క్రెడిట్ కార్డు. కొత్త ఉద్యోగం, చిన్న లిమిట్. ఆర్‌వీ ఇచ్చే కంపెనీలు బండి ఇచ్చేటప్పుడు అడ్వాన్సు కింద కార్డు మీద హోల్డ్ పెడతాయి. బండిని బట్టి కొన్ని వందల డాలర్లు, పెద్ద బండైతే వెయ్యి దాటుద్ది. హోల్డ్ అంటే డబ్బు తీసుకోడం కాదు, కదలకుండా కట్టేసి పెట్టడం. మన గేదెని ఎదుటోడి కొట్టంలో కట్టేసినట్టు. గేదె మనదే, పాలు మాత్రం మనకి రావు. బండి తిరిగిచ్చాక ఆ కట్టు విప్పుతారు. అది కూడా అదేరోజు జరగదు, కొన్ని రోజులు పడుద్ది. ఆ హోల్డ్‌తో కుర్రాడి లిమిట్ దాదాపు అయిపోయింది.

నాలుగోది ఫారెక్స్ కార్డు. ఇక్కడే డాలర్లు నింపి తండ్రి చేతికిచ్చిన కార్డు. దాన్ని తినేసింది పంపుల హోల్డే. మనం ఎంత పోసుకుంటామో పంపుకి ముందు తెలియదు కాబట్టి ముందుగానే పెద్ద మొత్తం పట్టి ఉంచుద్ది. వంద డాలర్లు దాటడం మామూలే. తర్వాత అసలు బిల్లు తీసుకుని మిగతాది వదులుద్ది. క్రెడిట్ కార్డులో అయితే లిమిట్ కాసేపు తగ్గుద్ది. ఫారెక్స్ కార్డులో, డెబిట్ కార్డులో అయితే మన సొంత డబ్బే ఇరుక్కుంటది. పెద్ద ఆర్‌వీ ట్యాంకు 55 గ్యాలన్ల దాకా ఉంటది, అంటే 200 లీటర్ల పైమాటే. ఒక్కసారి కార్డు గీకితే పంపు ఒక హద్దు కాడ ఆగిపోద్ది. ట్యాంకు నిండాలంటే రెండోసారి గీకాలి. రెండుసార్లు గీకితే రెండు హోల్డులు. రెండు రోజుల్లో మూడు బంకులు తిరిగేసరికి కార్డులో డబ్బుంది, చేతికి మాత్రం రాదు.

దీంట్లో ఎవడో దొంగతనం చేశాడని కాదు. ఎవరూ ముందు చెప్పలేదు, అంతే. చెప్పకపోడమే పేదోడికి పెద్ద దెబ్బ. బ్యాంకులో పది లక్షలున్నోడికి హోల్డ్ పెట్టారని తెలియను కూడా తెలియదు. లెక్కపెట్టి డాలర్లు తీసుకుపోయినోడికే ఊపిరాడదు.

పని చేసిన చోట ఎంత కోత?

ఇప్పుడు కోతల లెక్క చూద్దాం. డాలరు 90 రూపాయలు అనుకుందాం, లెక్క కోసమే. వెయ్యి డాలర్ల ఖర్చంటే 90,000 రూపాయలు.

మామూలు క్రెడిట్ కార్డో డెబిట్ కార్డో విదేశంలో గీకితే బ్యాంకు మార్కప్ వేస్తది. చాలా కార్డులకి ఇది 2 నుంచి 3.5 శాతం. 3.5 శాతం అంటే 3,150 రూపాయలు. ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ, అదొక 567. మొత్తం 3,717 రూపాయలు. వెయ్యి డాలర్లకి ఇంత. మార్కప్ లేని కార్డులు, తక్కువున్న కార్డులు కూడా ఉన్నాయి. కార్డు తీసుకునేటప్పుడు ఎయిర్‌పోర్టులో సోఫాలు ఫ్రీ, సినిమా టికెట్టు ఫ్రీ అని చెప్తారు. మీరు అడగాల్సింది ఒకటే ప్రశ్న: "ఫారిన్ మార్కప్ ఎంత?"

ఏటీఎంలో తీస్తే మార్కప్‌కి తోడు మన బ్యాంకు ఒక ఛార్జీ, ఆ ఏటీఎం పెట్టినోడు ఇంకో ఛార్జీ వేస్తారు. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుద్ది. దాని జోలికి పోమాకండి. ఏటీఎం తప్పకపోతే డెబిట్ కార్డుతో, చిన్నచిన్న మొత్తాలు పదిసార్లు కాకుండా ఒకేసారి తియ్యండి.

ఫారెక్స్ కార్డులో మంచేంటంటే నింపినరోజు రేటే ఖాయం. తర్వాత డాలరు ఎగిరినా మనకి బాధ లేదు. డాలర్లు నింపిన కార్డుని డాలర్ల దేశంలో వాడితే మార్కప్ ఉండదు. అదే కార్డుని యూరోల దేశంలోనో దిర్హాముల దేశంలోనో గీకితే మళ్లీ మార్పిడి, మళ్లీ కోత. ఏ దేశం పోతే ఆ కరెన్సీయే నింపాలి.

అన్నిటికంటే మాయదారి కోత ఇంకోటుంది. హోటల్‌లోనో కొట్లోనో కార్డు పెట్టగానే మిషను అడుగుద్ది: "రూపాయల్లో కడతారా, డాలర్లలో కడతారా?" పరాయి దేశంలో రూపాయి గుర్తు కనపడగానే మనకి పేగు కదులుద్ది. మన రూపాయే కదా, లెక్క తెలిసిపోద్ది అని రూపాయి నొక్కుతాం. అదే బోను. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. అక్కడ రేటు వేసేది మన బ్యాంకు కాదు, ఆ మిషను వెనకున్నోడు. వాడి లాభం కూడా ఆ రేటులోనే కలిపి ఉంటది. కొన్ని బ్యాంకులు దానిపైన మళ్లీ తమ ఫీజు కూడా వేస్తాయి. కాబట్టి గుర్తుపెట్టుకోండి: ఎక్కడున్నారో ఆ దేశం కరెన్సీయే నొక్కాలి. అమెరికాలో డాలరు, దుబాయ్‌లో దిర్హాము. ఏటీఎం అడిగినా ఇదే జవాబు.

ఇక నోట్లు. ఇక్కడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల డబ్బు మార్చే షాపులున్నాయి. ఆ కుర్రాడి తండ్రితో నేనే ఒక షాపుకి పోయాను. బోర్డు మీద ఒక రేటు, కౌంటరులో ఇంకో రేటు. అదేంటంటే బోర్డు మీద ఉంది "కొనే రేటు" అన్నాడు. వాడు మన కాడ కొనే రేటు, మనకి అమ్మే రేటు కాదు. అప్పటి నుంచి నేను అందరికీ చెప్పే మాట ఒకటే. రేటు అడగమాకండి. "ఈ 50,000 ఇస్తే, అన్నీ పోను నా చేతికి ఎన్ని డాలర్లు పెడతావు?" అని అడగండి. మూడు చోట్ల అడగండి. ధాన్యం అమ్మేటప్పుడు మూడు మిల్లుల రేటు కనుక్కుంటాం గదా, ఇదీ అంతే. విమానాశ్రయంలో మార్చుకుందాంలే అనుకోమాకండి, అక్కడ రేటు ఎక్కువగా బాదుతారు. రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న షాపులోనే తీసుకుని బిల్లు దాచుకోండి. బిల్లు లేని డాలర్లు చౌకగా ఇస్తామనేవాడి కాడికి పోతే రేపు కేసు మీ మెడకే.

నోటుకి హద్దులు, పన్నుకి లెక్కలు

మన దేశం నుంచి పోయేటప్పుడు చాలా దేశాలకి ఒక ట్రిప్పుకి 3,000 డాలర్ల విలువ దాకానే విదేశీ నోట్లు పట్టుకుపోవచ్చు. మిగతాది కార్డులో ఉండాలి. డాలర్లు కొనడానికి రూపాయల నోట్లు ఇస్తే 50,000 లోపే. ఆపైన చెక్కు ద్వారానో ఖాతా నుంచో కట్టాలి. మన రూపాయి నోట్లయితే 25,000 దాకా దగ్గర పెట్టుకోవచ్చు. తిరిగొచ్చాక ఇల్లు చేరడానికి ఆటో, బస్సు ఖర్చులకి అవి అక్కరకొస్తాయి.

అమెరికాలో దిగేటప్పుడు 10,000 డాలర్లు దాటి ఉంటే అక్కడి కస్టమ్స్ వాళ్లకి రాసివ్వాలి. తీసుకుపోడం నేరం కాదు, చెప్పకపోడం నేరం. ఇంట్లో నలుగురి డబ్బు ఒకరి సంచిలో పెట్టి దాచేద్దాం అనే తెలివి అక్కడ పనికిరాదు, కుటుంబం మొత్తానిది కలిపి లెక్కేస్తారు. తిరిగొచ్చాక మిగిలిన డాలర్లలో 2,000 దాకా ఇంట్లో ఉంచుకోవచ్చు. అంతకు మించితే 180 రోజుల్లోపు బ్యాంకుకో షాపుకో తిరిగిచ్చెయ్యాలి.

టీసీఎస్ అని ఒక మాట వింటారు. విదేశీ ఖర్చుకి డబ్బు పంపినా, ఫారెక్స్ కార్డు నింపినా ముందుగా కోసే పన్ను. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షల దాకా ఈ కోత లేదు. టూర్ ప్యాకేజీ కొంటే మాత్రం మొదటి రూపాయి నుంచే పడుద్ది. ఇది పోయే డబ్బు కాదు. పాన్ నంబరు మీద జమ అవుద్ది, రిటర్ను వేస్తే వెనక్కి వస్తది. ఆదాయం తక్కువ, పన్నే లేదు, రిటర్ను ఎందుకులే అనుకుని వదిలేసేది మన పల్లెటూరి తల్లిదండ్రులే. వదలొద్దు, అది మీ డబ్బే.

యూపీఐ ఎక్కడిదాకా వస్తది?

మనకి ఇప్పుడు మిరపకాయ బజ్జీకి కూడా ఫోనే. విదేశంలో కూడా ఫోను తీస్తే సరిపోద్ది అనుకునే కుర్రాళ్లున్నారు. కొంత నిజం, చాలా అబద్ధం. 2021 జూలైలో భూటాన్ మొదటగా మన యూపీఐ క్యూఆర్‌కి ఒప్పుకుంది. 2023 ఫిబ్రవరిలో సింగపూర్ పేనౌతో మన యూపీఐని కలిపారు, రెండు దేశాల మధ్య డబ్బు పంపుకోవచ్చు. 2024 ఫిబ్రవరిలో శ్రీలంక, మారిషస్‌లలో మొదలైంది, ఫ్రాన్స్‌లో ఈఫిల్ టవర్ కాడ మొదలైంది, మార్చిలో నేపాల్‌లో వచ్చింది. యూఏఈలో కూడా చాలా కొట్లలో నడుస్తది. దేశం మొత్తం ప్రతి కొట్టులో నడుస్తదని కాదు, ఒప్పుకున్న చోటే. మీ యాప్‌లో అంతర్జాతీయ యూపీఐ విడిగా ఆన్ చెయ్యాలి. ఎడారిలో పెట్రోలు పంపుకి మన ఫోన్‌పేలు, గూగుల్ పేలు తెలియవు.

నేపాల్ యాత్ర బస్సు ఎక్కేవాళ్లకి ఒక మాట. 2018 డిసెంబరులో నేపాల్ ప్రభుత్వం మన 200, 500, 2,000 నోట్లని చెల్లవంది. బయల్దేరే రోజుకి నిబంధన ఎట్టా ఉందో కనుక్కోండి. ఏదెట్టా ఉన్నా వంద రూపాయల నోట్ల కట్ట ఒకటి దగ్గరుంటే గుడి కాడ, టీకొట్టు కాడ గొడవ ఉండదు.

నోటు లేకపోతే ఎక్కడ ఇరుక్కుంటాం?

అమెరికాలో అంతా కార్డే అంటారు గానీ ఆర్‌వీలో తిరిగేవాళ్లని అడగండి. అడవుల్లో ప్రభుత్వ క్యాంపుగ్రౌండ్లుంటాయి, బండి ఆపుకుని రాత్రి పడుకునే చోటు. కొన్నిచోట్ల మనిషే ఉండడు. ఒక ఇనప గొట్టం పాతి ఉంటది. కవరులో డబ్బు పెట్టి, పేరు, బండి నంబరు రాసి ఆ గొట్టంలో వెయ్యాలి. హుండీలాగన్నమాట. చిల్లర తిరిగి ఇచ్చేవాడు ఉండడు. 18 డాలర్లు కట్టాల్సిన కాడ 20 నోటే ఉంటే 2 డాలర్లు దేవుడికే. బట్టలుతికే మిషన్లకి చాలాచోట్ల 25 సెంట్ల బిళ్లలు కావాలి. చిన్న ఊళ్లలో బంకులు 100 డాలర్ల నోటు తీసుకోవు. కాబట్టి ఇక్కడ డాలర్లు తీసుకునేటప్పుడే 1, 5, 10, 20 నోట్లు అడగండి. షాపువాడు వందల నోట్లే అంటగట్టాలని చూస్తాడు, ఒప్పుకోమాకండి.

టోలు దీనికి తలకిందులు. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెన మీద 2013 మార్చి నుంచే నోట్లు తీసుకోడం మానేశారు. కెమెరా నంబరు ప్లేటుని ఫొటో తీస్తది, బిల్లు బండి ఓనరుకి పోద్ది. అద్దె బండైతే ఆ బిల్లుకి కంపెనీ తన ఛార్జీ కలిపి మీ కార్డు మీద వేస్తది. బండి తీసుకునే రోజే "టోలు లెక్కెట్టా?" అని అడిగి కాగితం మీద చూసుకోండి. యూరప్‌లో మనిషి లేని బంకులు, టోల్ గేట్లు కార్డుకి పిన్ అడుగుతాయి. క్రెడిట్ కార్డుకి పిన్ ఏంటో తెలియనోళ్లు మనలో చాలామంది. పెట్టుకుని పోండి.

నోటు తీసుకోమనే హక్కు ఎవరిది?

డెత్ వ్యాలీ సంగతి చెప్పాను గదా. అక్కడ 2023 జూన్ నుంచి నోట్లు మానేశారు. పార్కు వాళ్లు చెప్పిన లెక్క ఏంటంటే, 2022లో నోట్ల రూపంలో వచ్చింది 22,000 డాలర్లు, ఆ నోట్లని లెక్కపెట్టి, కాపలా కాసి, బ్యాంకులో వెయ్యడానికి అయింది 40,000 డాలర్ల పైన. లెక్క నిజమే. కానీ ఆ లెక్కలో కార్డు లేని మనిషి ఎక్కడున్నాడు? ప్రజల పార్కులో ప్రజల నోటు చెల్లకపోడం ఏంటని కొందరు 2024లో కోర్టుకే పోయారు.

ఈ ప్రశ్న వాళ్లొక్కళ్లదే కాదు. 2019లో ఫిలడెల్ఫియా నగరం, న్యూజెర్సీ రాష్ట్రం కొట్లు నోట్లు తీసుకోక తప్పదని చట్టాలు చేశాయి. 2020లో న్యూయార్క్ నగరం అదే దారి పట్టింది. అందరూ కార్డు గీకే నార్వేలో కూడా 2024 అక్టోబరు నుంచి నోటుతో కట్టే హక్కుని చట్టంలో గట్టి చేశారు. ఎందుకు? ముసలోళ్లున్నారు, బ్యాంకు ఖాతా లేనోళ్లున్నారు, కరెంటు పోయిన రోజులున్నాయి.

మనకి ఇది కొత్తా? 2016 నవంబరు 8 రాత్రి 500, 1,000 నోట్లు రద్దన్నప్పుడు మా నాన్న అప్పటికే స్టీరింగు వదిలేశాడు గానీ ఆయన తోటోళ్లు రోడ్డు మీదే ఉన్నారు. జేబునిండా నోట్లు, టీ తాగడానికి గతి లేదు. లారీలు ఎక్కడివక్కడ ఆగిపోతే డిసెంబరు 2 అర్ధరాత్రి దాకా జాతీయ రహదారుల మీద టోలే ఎత్తేశారు. ఒక్క దారే నమ్ముకుంటే, ఆ దారి మూసిన రోజు ఎట్టా ఉంటదో ఆ నెలలో చూశాం. ఆ తర్వాత గాలి అటు తిరిగింది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. కీసర టోల్ గేటు కాడైనా, కాజ కాడైనా ఫాస్టాగ్ లేక నోటు ఇస్తే రెట్టింపు కట్టించుకున్నారు. 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే ఒకటింపావు చేశారు, నోటుకి మాత్రం రెట్టింపే ఉంచారు. మన ప్రభుత్వం అచ్చేసిన నోటుకి మన రోడ్డు మీదే జరిమానా పడినప్పుడు, పరాయి దేశంలో చెల్లలేదని ఎవరిని అడుగుతాం?

నేను కార్డుకి శత్రువుని కాదు. కార్డు పోతే ఫోన్ చేసి ఆపొచ్చు, నోటు పోతే పోయినట్టే. ఎవడైనా మీ కార్డు మీద దొంగతనంగా ఖర్చు పెడితే, అందులో మీ తప్పు లేకపోతే, మెసేజ్ వచ్చిన 3 పనిదినాల్లోపు బ్యాంకుకి చెప్తే మీకు నష్టం లేదని 2017లో రిజర్వు బ్యాంకే రాసిచ్చింది. 4 నుంచి 7 రోజులైతే కొంత మీరు భరించాలి. అందుకే ఊరు దాటినా మెసేజ్‌లు చదవాలి, మన సిమ్ము బతికుండాలి. రెండు దారులూ తెరిచి ఉండాలి, ఏ దారిన పోవాలో మనం తేల్చుకోవాలి అన్నదే నా మాట.

బయల్దేరే ముందు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు పోతున్నా, అమ్మానాన్నల్ని పంపుతున్నా ఇంట్లో కూర్చుని ఒక కాగితం మీద ఇవి రాసుకోండి.

ఒకటి, రెండు వేరువేరు బ్యాంకుల కార్డులు, ఒకటి క్రెడిట్ కార్డు అయితే మేలు. అద్దె బండి హోల్డ్‌కి ఒక కార్డు పూర్తిగా వదిలెయ్యండి. దారి ఖర్చుకి ఇంకోటి. రెండూ ఒకే పర్సులో వద్దు.

రెండు, యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేసి, రోజుకింత అని హద్దు పెట్టండి. పిన్ సరిచూసుకోండి. ఇండియా సిమ్‌కి రోమింగ్ వేయించండి. బ్యాంకు ఫోన్ నంబరు ఫోన్‌లోనే కాదు, కాగితం మీద కూడా ఉండాలి.

మూడు, చిన్న నోట్లు. ఎన్ని రోజులు తిరుగుతారో దాన్నిబట్టి రెండు మూడు వందల డాలర్లు చాలు, మూడు చోట్ల పెట్టి.

నాలుగు, మిషను రూపాయలు అడిగితే వద్దని చెప్పండి. పంపు జిప్ కోడ్ అడిగితే లోపలికి పోండి.

ఐదు, బండి ఇచ్చేవాడిని ముందే అడగండి: హోల్డ్ ఎంత, ఎన్ని రోజులు, డెబిట్ కార్డు ఒప్పుకుంటారా, టోలు ఎట్టా. జవాబు మెయిల్‌లో రాయించుకోండి.

ఆ రోజు డెత్ వ్యాలీ కాడ వాళ్లేం చేశారంటే, సిగ్నల్ దొరికేదాకా బండి వెనక్కి తిప్పి, స్నేహితుడికి ఫోన్ చేసి, అతను ఆన్‌లైన్‌లో పాసు కొని పంపితే లోపలికి పోయారు. కుర్రాడు నాతో అదంతా చెప్పి చివర్లో సిగ్గుపడుతూ అన్నాడు, "బాబాయ్, మా అమ్మ డాలర్లు కొంగున కట్టుకుంటే విమానంలో నవ్వాను." వాళ్లమ్మకి ఇంగ్లీషు రాదు, హోల్డ్ అంటే తెలియదు. మా నాన్నకీ తెలియదు. కానీ దారి మీద డబ్బుని ఒకేచోట నమ్మకూడదని వాళ్లిద్దరికీ తెలుసు. మనకి కార్డులు తెలుసు, యాప్‌లు తెలుసు. వాళ్లకి తెలిసిన ఆ ఒక్క ముక్క కూడా కలుపుకుంటే ఏ ఎడారిలోనూ బండి ఆగదు.